కృపావతి ఏరిన బియ్యం

చిల్లకల్లులో వెస్లీ గొంతు గురించి ఒక్కొక్కరూ ఒక్కో రకంగా చెబుతారు. కోత పండుగ నాడు చర్చి ఆవరణలో అతను ఒక గుమ్మడికాయ పైకెత్తి వేలం మొదలుపెడితే, హైవే మీద పోయే లారీ డ్రైవర్లు టైరు పేలిందనుకుని బండి పక్కకి తీసేవాళ్లని ఒకరంటారు. ఆ కేకకి పరిటాలలో ఆంజనేయస్వామి విగ్రహం మీద వాలిన పావురాలు లేచిపోయేవని ఇంకొకరంటారు. పరిటాల అక్కణ్ణుంచి ఎంత దూరమో చెప్పేవాడికీ తెలుసు, వినేవాడికీ తెలుసు. అయినా ఎవరూ కాదనరు.

కృపావతి మాత్రం ఆ గొంతు గురించి ఎప్పుడూ ఏమీ అనేది కాదు. ఆమె లెక్కలో వెస్లీకి దేవుడిచ్చిన గట్టి అవయవం గొంతు కాదు, మెడ. అది వంగదు.

వానాకాలంలో, ముక్త్యాల రోడ్డులో సిమెంటు లారీలోకి బస్తాలు ఎత్తుతూ, తడిసిన పట్టా మీద కాలు జారి అతను కింద పడ్డాడు. తొడలో రాడ్డు వేశారు. చంకలో కర్ర వచ్చింది, పని పోయింది. సంఘం తరఫున పాస్టరు గారు ఒక బియ్యం బస్తా మోయించుకుని వెళ్తే, మంచం మీద నుంచే కేకేశాడు.

"నాకెందుకండీ? నాకంటే లేనోళ్లు లేరా ఊళ్లో? వాళ్లకివ్వండి! వెస్లీ ఇంటికి బస్తా వచ్చిందని రేపు పిల్లల్ని బళ్లో అనిపిస్తారా?"

బస్తా వెనక్కి వచ్చింది. అతనికి రేషన్ కార్డు కూడా లేదు. వేరుకాపురం పెట్టిన కొత్తలో కార్డు రాయించుకోమంటే, "స్టోరు ముందు సంచి పట్టుకుని నిలబడే మొహమా నాది? ఆ లావు బియ్యం మా ఇంట్లో కోళ్లు కూడా తినవు" అన్నాడు. అన్న మాట ఊరంతా విన్నది. ఆ గొంతుతో అంటే వినక ఏం చేస్తారు?

ఆ సంఘంలో ఆడవాళ్లకు పాతకాలం నుంచీ ఒక అలవాటుంది. ఎసరు పెట్టి బియ్యం కొలిచేటప్పుడు, కొలిచిన దాంట్లోంచి ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. ఇంట్లో కనపడని మనిషి ఒకరు ఉన్నట్టు, ఆ మనిషి వాటా అది. ఆదివారం ఆరాధనకి వచ్చేటప్పుడు వారం గుప్పెళ్లన్నీ కవర్లో కట్టుకొచ్చి, ద్వారం పక్కనున్న స్టీలు డ్రమ్ములో పోస్తారు. గుప్పెడు బియ్యం అంటారు దాన్ని. ఆ డ్రమ్ము కృపావతి చేతిలో ఉండేది. అంతకుముందు ఆమె అత్త చేతిలో ఉండేది. ఆదివారం సాయంత్రం ఆ బియ్యం ఇంటికి తెచ్చుకుని, చెరిగి, రాళ్లు ఏరి, దిక్కులేని ముసలమ్మలకి పంచి వస్తుంది.

ఆ బియ్యానికి ఒక గుణం ఉంది. జాయిస్ టీచరు ఇంట్లోంచి సన్నబియ్యం వస్తాయి. కూలోళ్ల ఇళ్లనుంచి స్టోరు బియ్యం వస్తాయి. ఒకరివి పాతవి, ఒకరివి నిన్నగాక మొన్న మిల్లాడించినవి. అన్నీ కలిపి వండితే కొన్ని గింజలు చిమిడిపోతాయి, కొన్ని పలుకుగా మిగిలిపోతాయి. కంచంలో ఆ అన్నం చూడగానే చెప్పేయొచ్చు అది ఎక్కణ్ణుంచి వచ్చిందో.

కృపావతికి ఈ సంగతి చూసి తెలిసింది కాదు, తిని తెలిసింది. భర్త స్తెఫను పాముకాటుకి పోయిన ఏడు ఆమె ఆ బియ్యమే వండింది. కొడుకు క్రాంతికుమార్‌కి అప్పుడు అన్నం మీద ప్రశ్నలు వేసే వయసు.

"అమ్మా, మన అన్నం రెండు రకాలుగా ఎందుకుంది?"

"రెండు రకాల చేలల్లో పండింది నాన్నా."

వాడు నమ్మాడు. బళ్లో మాత్రం డబ్బా మూత తియ్యడం మానేశాడు. పక్కవాడెవడో చూసి "ఒరేయ్, చర్చి అన్నం!" అన్నాడట. అన్నది చెడ్డ మాటేం కాదు. అయినా ఆ పిల్లాడు మూత పెట్టిన డబ్బా పెట్టినట్టే ఇంటికి తెచ్చేవాడు. ఇప్పుడు విజయవాడలో బస్సు నడుపుతున్నాడు, ఇద్దరు పిల్లల తండ్రి. ఇప్పటికీ అన్నం ముందు కూర్చుంటే ఒకసారి వేలితో కెలికి చూసిగానీ ముద్ద కలపడు. కృపావతి అది చూసిన ప్రతిసారీ తల తిప్పుకుంటుంది.

పత్తి తీతలు మొదలయ్యాక భవానీప్రసాద్ గారి చేలో కృపావతి పక్క సాలులో వెస్లీ భార్య మహిమ పడింది. కూలి డబ్బులు మందులకీ ఆస్పత్రి అప్పుకీ సరిపోతున్నాయని అందరికీ తెలిసిందే. మధ్యాహ్నం ఆడవాళ్లంతా గట్టు మీద డబ్బాలు విప్పి ఒకరి కూర ఒకరు రుచి చూస్తుంటే, మహిమ కొంచెం ఎడంగా, అందరికీ వీపు పెట్టి కూర్చునేది.

"ఏంటే మహిమా, అంత దూరంగా కూర్చున్నావు? చేపల కూరా?" అని కూలోళ్లు ఎగతాళి చేశారు.

"మీ చూపులకి భయపడి," అని అటు తిరిగే నవ్వింది.

నీళ్లు ఇవ్వాలని వెనకనుంచి వెళ్లిన కృపావతి ఆ డబ్బాలోకి చూసింది. దాంట్లో ఏమీ లేదు. మహిమ ఖాళీ డబ్బాలో చెయ్యి ఆడిస్తూ, నోరు నములుతోంది. కృపావతి చెంబు అక్కడ పెట్టి, చూడనట్టే వెనక్కి వచ్చేసింది.

సాయంత్రం ఇంటికి నడిచేటప్పుడు అడిగింది. "పిల్లలేం తింటున్నారు?"

"బళ్లో భోజనం పెడతారుగా అత్తా. రాత్రికి ఆయనకీ వాళ్లకీ చూస్తా."

"నేను బియ్యం పంపుతా."

"చర్చి బియ్యం అని తెలిస్తే ఆయన కంచం విసిరేస్తాడు. పిల్లల్ని కూడా తిననియ్యడు. మన గుప్పెడు ఆపొద్దు, ఇంట్లో ఉన్నా లేకపోయినా ఆదివారం తీసుకెళ్లమంటాడు. తెలుసా నీకు?"

కృపావతికి తెలుసు. మహిమ కవరు ప్రతి ఆదివారం డ్రమ్ములో పడుతూనే ఉంది.

ఆ వారం నుంచి ఆమె గుప్పెడు బియ్యం చాటలో పోసుకుని ఏరడం మొదలుపెట్టింది. రాళ్లు కాదు, గింజలు. సన్నవి ఒక పక్కకి, లావువి ఒక పక్కకి. చేలోంచి వచ్చాక, పొద్దు వాలే వెలుగులో పెరట్లో కూర్చుని, మెడలు పీకేదాకా ఏరేది. సన్నవన్నీ ఒక సంచిలో పోసి మహిమకి అందించేది. మహిమ ఇంటికెళ్లి, "నందిగామ నుంచి మా అన్నయ్య పంపాడు" అని చెప్పేది. ఆమె అన్న కల్యాణ్‌కి నందిగామ దగ్గర ఎకరం మాగాణి ఉన్న మాట నిజమే. అందులో ఈ రెండేళ్లుగా జనుము తప్ప ఏమీ పండలేదన్నదీ నిజమే.

వెస్లీ ఆ అన్నం తిని, "మీ అన్న బియ్యం బాగుంటాయే, తెలుపు చూడు" అనేవాడట. అంతటితో ఆగడు. "రేపు ఆదివారం రెండు గుప్పెళ్లు తీసుకెళ్లు" అనేవాడట. అలా, కృపావతి ఏరి పంపిన గింజలు కొన్ని ఆదివారం మళ్లీ ఆమె డ్రమ్ములోకే వచ్చి పడేవి. ఆమె వాటిని మళ్లీ ఏరేది. అవే గింజలు చిల్లకల్లులో ఎన్నిసార్లు తిరిగాయో దేవుడికే తెలియాలి.

అయితే డ్రమ్ములోంచి సన్నవి ఒక ఇంటికి వెళ్తే, మిగతా ఇళ్లకి లావువే మిగులుతాయి. ఈ సంగతి కృపావతికి తెలియక కాదు. ముసలమ్మలకి మెత్తగా ఉడికితే చాలులే అని తనకు తాను చెప్పుకుంది. చెప్పుకున్నప్పుడల్లా మనసులో ముల్లులా ఏదో గుచ్చుకునేది. ప్రార్థనలో కూడా ఆ మాట దగ్గరికి వచ్చేసరికి తొందరగా దాటేసేది.

ఆ ముసలమ్మల్లో సూసన్నమ్మకి పళ్లు లేవు గానీ, కళ్లున్నాయి. వాటికి మించి నోరుంది. ఆదివారం చర్చి మెట్ల మీద అందరూ వింటుండగా అంది. "ఏంటోనమ్మా, ఈ మధ్య గుప్పెడు బియ్యంలో ఒక్క సన్నగింజ కనపడట్లా. జాయిస్సు ఇంట్లో కూడా స్టోరు బియ్యమే తింటన్నారా ఏంది?"

జాయిస్ జగ్గయ్యపేటలో టీచరు, స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు. చెడ్డ మనిషి కాదు. ముసలమ్మలకి కళ్ల ఆపరేషన్లు చేయించడానికి తన స్కూటీ మీద ఎన్నిసార్లు తిప్పిందో. అందుకే ఆ మాట ఆమెకి తగిలింది. మర్నాడు బడి అయిపోగానే స్కూటీ తిన్నగా కృపావతి పెరట్లోకి తెచ్చింది.

చాటలో రెండు కుప్పలున్నాయి. పక్కన సన్నబియ్యం సంచి మూతి కట్టి ఉంది.

"ఇదేంటి వదినా?"

కృపావతి చెయ్యి చాటమీదే ఉండిపోయింది.

"సన్నవి ఎవరికి?"

"ఒకళ్లకి."

"ఎవరా ఒకళ్లు? మీ క్రాంతి బస్సులో వెళ్తున్నాయా?"

"నా కొడుకు ఆ బియ్యం ముట్టడమ్మా."

"మరి చెప్పు! చెప్తే నేను ఇటునుంచి ఇటే వెళ్లిపోతా. ఒక్క పేరు చెప్పు చాలు."

కృపావతి నోరు తెరిచింది. పత్తి చేలో ఖాళీ డబ్బాలో ఆడే చెయ్యి కనపడింది. నోరు మూసుకుంది.

"చెప్పలేను జాయిస్సూ."

జాయిస్ కళ్లలో నీళ్లు తిరిగాయి. కోపం వస్తే ఆమెకి ముందు కళ్లనీళ్లే వస్తాయి. "నిన్ను చూసి నేను మా పిల్లలకి చెప్పేదాన్ని వదినా, ఇవ్వడమంటే కృపావతి అత్త లాగా ఇవ్వాలి అని," అని స్కూటీ తిప్పుకుని వెళ్లిపోయింది.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక సంఘాన్ని కూర్చోమన్నారు. పాస్టరు గారు మెత్తగా అడిగారు, గట్టిగా అడిగారు. కృపావతి లేచి నిలబడి, "నేను నా కోసం తీసుకోలేదండీ. అంతకుమించి అడగొద్దు" అంది. మగవాళ్ల వైపు చివరి బెంచీలో, కర్ర గోడకి ఆనించి కూర్చున్న వెస్లీ గొంతు విప్పాడు.

"అడక్కుండా ఎలా ఉంటాం అత్తా? మంచం మీద పడి ఉన్నా, మా ఇంట్లోంచి గుప్పెడు తప్పలా! అది ముసలోళ్ల నోటికాడికి పోతందనుకున్నా. మధ్యలో ఏరుకునేదాన్ని దొంగతనం అనక ఏమనాలి?"

ఆ గొంతు గురించి చెప్పే కథల్లో అతిశయం ఉందేమో గానీ, ఆ మాట మాత్రం చర్చంతా వినపడింది. ఆడవాళ్ల వైపు మహిమ సగం లేచింది. కృపావతి ఆమె వైపు చూసింది. కనుబొమ్మ కూడా కదపలేదు, చూసిందంతే. మహిమ కూర్చుండిపోయింది.

డ్రమ్ము ఆమె చేతిలోంచి తీసేశారు.

సాయంత్రం మహిమ దొడ్డిదారిన వచ్చి, గుమ్మంలోనే కూలబడింది. "నేను చెప్పేస్తా అత్తా. నిన్నంత మాట అంటుంటే వింటూ కూర్చున్నా నేను."

"చెప్తే నీ మొగుడు రేపు అన్నం తింటాడా?"

"తినడు."

"పిల్లల్ని?"

మహిమ ఏడ్చింది.

"ఏడవబాక. నాకేం పోయింది? ముసల్దాన్ని, నాలుగు రోజులు అనుకుని ఊరుకుంటారు."

నాలుగు రోజులు అనుకుని ఊరుకోలేదు. చేలో ఆమె పక్క సాలు ఖాళీగా ఉండిపోయేది. చర్చిలో బెంచీ మీద ఆమె కూర్చున్న చోటికి అటు జానెడు, ఇటు జానెడు జాగా మిగిలేది. విజయవాడ నుంచి క్రాంతికుమార్ ఫోన్ చేశాడు.

"అమ్మా, ఏంటి ఇక్కడిదాకా వచ్చింది మాట? నువ్వు తీశావా?"

"తీశాను."

"ఎవరికోసం?"

"నువ్వు బళ్లో మూత తియ్యకుండా తెచ్చే డబ్బా గుర్తుందా?"

"సరేలే అమ్మా" అన్నాడు వాడు. ఆమె కొడుక్కి చెప్పింది అంతే. వాడికి అర్థమైంది కూడా అంతే, కానీ సరిపోయింది.

అసలు కష్టం వేరే ఉంది. డ్రమ్ము లేదు, సన్నబియ్యం లేవు. మహిమ ఇంట్లో పొయ్యి మాత్రం ఉంది. కృపావతి తన కార్డు మీద వచ్చిన స్టోరు బియ్యంలో సగం సంచికెత్తి పంపింది. ఎంత ఏరినా అందులో లావు గింజలే.

"మీ అన్న బియ్యం మారిపోయాయేంటి?" అన్నాడట వెస్లీ, కంచంలో వేలు పెట్టి.

"సన్నవి అయిపోయాయంట," అందట మహిమ.

అతను ఇంకేమీ అనలేదు. కోళ్లు కూడా తినవన్న బియ్యాన్ని తలవంచుకుని తిన్నాడు. ఆ మాట మహిమ చెబుతుంటే కృపావతికి సంతోషం కలగలేదు. భయమేసింది. వెస్లీ అరిస్తే ఏం చెయ్యాలో ఆమెకి తెలుసు. అరవకపోతే ఏం చెయ్యాలో తెలియదు.

కోత పండుగ వచ్చింది. చర్చి ఆవరణలో షామియానా వేశారు. తొలిపంటగా మిరపకాయల బస్తా, పత్తి మూట, పొట్లకాయలు, కాళ్లు కట్టిన పుంజు, ఎవరో నాగశ్రీ అనే కొత్త కోడలు చేసి తెచ్చిన అరిసెలు, అన్నీ బల్ల మీద పెట్టారు. వేలం వెయ్యడానికి వెస్లీని కుర్చీలో కూర్చోబెట్టారు. మొదట్లో గొంతు బాగానే లేచింది. పుంజుని పైకెత్తి, "ఇది మామూలు పుంజు కాదండీ! ఇది కూస్తే జగ్గయ్యపేటలో తెల్లారుద్ది!" అంటే జనం నవ్వారు. కృపావతి కూడా, ఒంటరిగా తన బెంచీ మీద, పెదవి విప్పకుండా నవ్వింది.

చివరికి జాయిస్ ఒక సంచి తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఇది గుప్పెడు బియ్యం. ఇకనుంచి దీన్ని కూడా వేలం వేసి, ఆ డబ్బుతోనే ముసలివాళ్లకి కొని ఇద్దాం అనుకున్నాం. ఎవరిమీదా అనుమానం లేకుండా ఉంటుంది. ఇప్పుడు ఇందులో ఎవరూ ఏం వేరు చెయ్యలేదు. సన్నవీ లావువీ ఎలా పడినవి అలాగే ఉన్నాయి."

వెస్లీ అలవాటుగా సంచిలోకి చెయ్యి పెట్టాడు. వేలం వేసే సరుకుని గుప్పెటతో తీసి జనానికి చూపించడం అతని పద్ధతి. గుప్పెడు తీశాడు. అరచేయి విప్పాడు. సన్నవీ లావువీ కలిసి ఉన్నాయి. నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఆగిపోయాడు.

అతని చూపు అరచేతి మీదనుంచి లేచి మహిమ దగ్గరికి వెళ్లడం కృపావతి చూసింది. మహిమ కొంగు నోట్లో కుక్కుకుంటోంది. అక్కణ్ణుంచి ఆ చూపు తన దగ్గరికి వచ్చింది. డ్రమ్ము ఎప్పుడు పోయిందో, తన కంచంలో అన్నం ఎప్పుడు మారిందో, రెండూ అతని మొహంలో కలుసుకోవడం ఆమెకి కనపడింది. ఆమె తల అడ్డంగా ఊపింది. వద్దు, వద్దు అని.

"కానీ వెస్లీ! వేలంపాట మొదలుపెట్టు!" అన్నారెవరో వెనకనుంచి.

అతను కర్ర ఊతంతో లేచి నిలబడ్డాడు. గుప్పెడు పైకెత్తాడు. గొంతు లేవలేదు. దగ్గి, మళ్లీ ఎత్తుకున్నాడు.

"ఈ బియ్యంలోంచి ఏరిన సన్నబియ్యం తిన్నది వెస్లీ ఇల్లు. ఒకటోసారి!"

ఎవరికీ అర్థం కాలేదు. ఒకరిద్దరు వేళాకోళమనుకుని నవ్వారు.

"ఏరి పెట్టింది కృపావతి అత్త. తిని, ఆమెనే దొంగన్నది నేను. రెండోసారి!"

నవ్వులు ఆగిపోయాయి. పాస్టరు గారు లేచారు. వెస్లీ గొంతు చీలిపోయింది.

"ఆమె దొంగ కాదు. ఎవరైనా కాదనేవాళ్లుంటే పాడండి... మూడోసారి."

ఎవరూ పాడలేదు. పుంజు ఒక్కటే బల్ల మీద రెక్కలు కొట్టుకుంటోంది. సూసన్నమ్మ బోసినోరు తెరిచి, "ఓసి కృపా! వీడికా పోసింది? నాతో చెప్తే నేనే పొయ్యమననా?" అంది.

"నీతో చెప్తే జగ్గయ్యపేటదాకా తెలుస్తది," అంది కృపావతి. ఆ మాట ఆమె నోటినుంచి ఆమెకి తెలియకుండానే వచ్చింది. జాయిస్ ఏడుస్తూ ఆమె వైపు వస్తోంది. కృపావతి ఆమెని చూడలేదు. వెస్లీ గుప్పెడు సంచిలో వేసి, కర్ర టకటకలాడించుకుంటూ గేటు వైపు వెళ్తున్నాడు. ఇన్ని నెలలు తను దాచిందంతా అతను మూడు కేకల్లో పారబోసి వెళ్లిపోతున్నాడు. పేరు తిరిగొచ్చిందన్న సంతోషం ఎక్కడా తగల్లేదు. ఇల్లు దోచుకుపోయినట్టు ఉంది ఆమెకి. లేచి వెంటపడింది.

"ఆగు అల్లుడా!"

అతను గేటు పట్టుకుని ఆగాడు. తిరగలేదు.

"ఎవరు చెయ్యమన్నారు నిన్ను?" అన్నాడు. అంత చిన్న గొంతు అతనికి ఉందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

"ఎవరూ చెయ్యమనలా."

"దొంగన్నా నిన్ను."

"అన్నావు. బాగానే వినపడింది. నీ గొంతుకేం తక్కువ?"

అతను నవ్వలేదు. హైవే మీద లారీలు పోతున్నాయి. ఒక్కటీ ఆగలేదు.

"పిల్లల్ని రేపు బళ్లో అంటారు," అంది కృపావతి.

"అంటారు. అంటే నేను చెప్పుకుంటా వాళ్లకి." గేటు ఇనపకడ్డీని గోటితో గీరాడు. "రేపటినుంచి ఏరొద్దు అత్తా. కళ్లు పోతాయి. కలిసినవే పంపు."

ఆ మెడ వంగింది. అది చూడాలని ఆమె ఎప్పుడూ కోరుకోలేదు. మహిమ పిల్లల్ని తీసుకుని వచ్చి అతని పక్కన నిలబడితే, నలుగురూ రోడ్డు దిగి వెళ్లిపోయారు. పెద్దవాడు నాన్న కర్రని పట్టుకుని ఏదో అడుగుతున్నాడు. వెస్లీ ఏం చెప్పాడో ఆమెకి వినపడలేదు.

తిరిగి వచ్చి తన బెంచీ మీద కూర్చునేసరికి ఆవరణలో అందరూ మాట్లాడుతున్నారు, ఎవరూ ఆమెతో మాట్లాడలేకపోతున్నారు. జాయిస్ ఆ బియ్యం సంచిని రెండు చేతులతో తెచ్చి ఆమె ఒళ్లో పెట్టి, పక్కనే కింద కూర్చుంది. కృపావతి సంచిలో చెయ్యి పెట్టి ఒక గుప్పెడు తీసింది. బొటనవేలు దానంతటదే కదిలి, సన్నగింజల్ని ఒక పక్కకి నెట్టడం మొదలుపెట్టింది.

ఆమె గుప్పెట మూసేసింది.